రొబెర్టో క్లెమెంటె: ఒక బేస్‌బాల్ క్రీడాకారుని జీవితము

మన పాఠశాలలయందు క్రికెట్టు, ఫుట్‌బాల్, హాకీ, వాలీబాల్ మొదలగు ఆటలు బాలబాలికలకు చిరపరిచితములు. బేస్‌బాల్ అను ఆటను కన్నులార జూచినవారు మాత్రము మనలో అరుదు. అమెరికా సంయుక్తరాష్ట్రములయందును, క్యూబా, ప్యూర్టో రికో మొదలగు కరీబియను ద్వీపములయందును, జపానునందును ఈ యాటకు గల యాదరము మన దేశమున క్రికెట్టునకు గల యాదరము వంటిది. ఈ యాటను జీవనోపాధిగా గైకొని, పదునెనిమిది సంవత్సరములు ఒకే జట్టులో నాడి, గొప్ప కీర్తి గడించి, ముప్పదియెనిమిదేండ్ల ప్రాయమున పరదేశపు దీనులకు సాయము గొనిపోవుచు సముద్రమున గూలిన రొబెర్టో క్లెమెంటె యను నతని చరిత్రము విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలియదగినదని తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

ఆట స్వరూపము

ముందుగా ఆటను గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. మూలమీద నిలిపిన చతురస్రము నొకదానిని మనస్సున నూహించుకొనుడు. దాని ప్రతి భుజము 90 అడుగులు. నాలుగు మూలలయందును నాలుగు గుఱుతు లుండును. వానిలో బ్యాటు పట్టువాడు నిలుచు మూలకు హోమ్ ప్లేటని పేరు. తక్కిన మూడును మొదటి, రెండవ, మూడవ బేసులు. చతురస్రము నడుమ, హోమ్ ప్లేటునకు 60 అడుగుల 6 అంగుళముల దూరమున, పిచ్చరు నిలిచి బంతి విసరును. క్రికెట్టులోవలె బంతి నేలను దాకి లేచుట లేదు. తిన్నగా గాలిలోనే వచ్చును. బ్యాటు పలకవలె గాక దుడ్డుకఱ్ఱవలె గుండ్రముగ నుండును. కొట్టినవాడు బ్యాటు పారవైచి మొదటి బేసునకు పరుగెత్తవలయును. క్రమముగా మూడు బేసులను చుట్టి మఱల హోమ్ ప్లేటును జేరినయెడల ఒక పరుగు. బంతిని ఆవరణపు గోడ దాటగొట్టినచో తానును, బేసులమీద నున్న తన జట్టువారును నిరాటంకముగ చుట్టి వత్తురు. దానిని హోమ్ రన్ అందురు. ముగ్గురు ఔటు కాగానే రెండవ జట్టు బ్యాటు పట్టును. జట్టునకు తొమ్మండుగురు, ఆటకు తొమ్మిది ఇన్నింగ్సులు.

చతురస్రమునకు వెలుపల విశాలమైన పచ్చికమైదాన ముండును. అచట ముగ్గురు ఆటగాండ్రు, ఎడమ, నడిమి, కుడి భాగములను కాచుచుందురు. వీరికే ఔట్‌ఫీల్డర్లని పేరు. ఎత్తుగ లేచిన బంతి నేలబడకముందే పట్టుట, దొర్లిపోవు బంతిని ఆపుట, బేసులమీద నున్నవారు ముందునకు సాగకుండ దానిని వెంటనే విసరుట వీరి పని. కుడిభాగమున నిలుచు రైట్ ఫీల్డరునకు బాహుబలము మిక్కిలి యవసరము. ఏలయన అతడు మూడవ బేసునకు విసరవలసిన దూరము మిగుల నెక్కువ. అతని విసరు బలమైనదని తెలిసినయెడల ఎదిరిజట్టువారు పరుగెత్తుటకే జంకుదురు. అట్లు భయముచేత నిలిచిపోయిన పరుగులు ఏ పట్టికలోను కనబడవు. అందువలన మంచి ఔట్‌ఫీల్డరుని విలువలో సగము చూచువారికి తెలియకయే పోవును. క్లెమెంటె ఇట్టి రైట్ ఫీల్డరు.

బాల్యము

ప్యూర్టో రికో ద్వీపము స్పానిషుభాష మాటలాడువారిది. 1898లో అమెరికా వశమయ్యెను. ఆ ద్వీపమున కరోలినా యను పట్టణమునొద్ద 1934వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన రొబెర్టో జన్మించెను. తండ్రి మెల్చోరు చెఱకుతోటలలో కూలీలపై మేస్త్రీ. తల్లి లూయీసా బట్టలుతుకుట మొదలగు పనులు చేసి సంసారమునకు తోడ్పడుచుండెను. పిల్లలలో రొబెర్టో కడగొట్టువాడు. ఆకలి యెఱుగని యిల్లే యైనను, మిగులునది లేని యిల్లు. సైకిలు కావలయునని బాలుడు కోరగా తండ్రి దానిని స్వయముగ సంపాదించుకొనుమనెననియు, బాలుడు పొరుగువారి పాలడబ్బాలను మోసి, దినమున కొక్క సెంటు చొప్పున ఏండ్ల తరబడి కూడబెట్టి దానిని కొనెననియు చెప్పుదురు.

బంతులు కొన డబ్బు లేమిచేత బాలురు గుడ్డపేలికలు చుట్టి బంతులు చేసికొనెడివారు, చెట్టుకొమ్మలే బ్యాటులు. ఉన్నతపాఠశాలలో రొబెర్టో ఈటె విసరుటయందు గొప్ప నేర్పు చూపెను. అతని చేతికి ఆ బలము ఈటెవలన వచ్చినదని పలువురు తలంతురు. అతనిలోని నేర్పును మొదట గుఱుతించినవాడు రొబెర్టో మారీన్ అను ఉపాధ్యాయుడు. ఆయన యీ బాలుని తన జట్టులో జేర్చుకొని, పిదప సాంతూర్సె పట్టణపు వృత్తిజట్టు యజమానియగు పెడ్రీన్ సొరీల్యాకు జూపెను. 1952లో, పదునెనిమిదేండ్లకే, రొబెర్టో ఆ జట్టులో జేరెను. వారమునకు 40 డాలర్లు జీతము.

మాట నిలుపుకొనుట

అదే సంవత్సరము బ్రూక్లిన్ డాడ్జర్స్ అను అమెరికా జట్టువారు సాన్ హువాన్ నగరమున పరీక్ష జరిపిరి. డెబ్బదిమందికి పైగా యువకులు వచ్చిరి. వారిలో క్లెమెంటె పరుగును, విసరును పరీక్షకుని దృష్టి నాకర్షించెను. 1954లో డాడ్జర్సువారు పదివేల డాలర్లు బహుమానముగ నిచ్చెదమనగా అతడు సమ్మతించెను. ఇంతలో మఱియొక జట్టువారు అంతకు రెట్టింపునకు మించిన ధన మిచ్చెదమని వచ్చిరి. ఇంకను కాగితము మీద వ్రాలు పడలేదు. ఏమి చేయవలయునని తల్లి నడుగగా, మాట యిచ్చితివి గనుక మాట నిలుపుకొనుమని యామె చెప్పెను. అతడట్లే చేసెను.

ఆ కాలమున నొక నియమ ముండెడిది. నాలుగువేల డాలర్లకు మించిన బహుమాన మిచ్చి తీసికొనిన ఆటగానిని పెద్దజట్టులో నుంచక క్రిందిజట్టునకు బంపినయెడల, సంవత్సరాంతమున ఇతరజట్టువారు అతనిని కొనిపోవచ్చును. డాడ్జర్సువారు క్లెమెంటెను కెనడాలోని మాంట్రియలు జట్టునకు బంపి, అచట అరుదుగ నాడించిరి. ఇతరుల కంటబడకుండ దాచుటకే యిట్లు చేసిరని పలువురి యభిప్రాయము. దాచుట యేమైనను సాధ్యపడలేదు. పిట్స్‌బర్గు పైరేట్స్ జట్టు పరీక్షకుడు క్లైడ్ సూక్‌ఫోర్త్ అతడు అభ్యాసవేళ బంతి విసరుట జూచి, విడువవలదని తనవారికి దెలిపెను. 1954 నవంబరు 22న పైరేట్సువారు నాలుగువేల డాలర్లిచ్చి అతనిని కైకొనిరి. ఆ జట్టు 1952 మొదలు వరుసగ తన లీగులోని అన్ని జట్లకును అడుగున నిలుచుచుండినది.

ఎదుర్కొనిన కష్టములు

1955 ఏప్రిలు 17న క్లెమెంటె పైరేట్సు పక్షమున తొలియాట యాడెను. అంతకు ముందరి శీతకాలముననే త్రాగినవాడొకడు నడపిన కారు అతని కారును ఢీకొనగా వెన్నెముకకు దెబ్బ తగిలెను. ఆ బాధ యతనిని జీవితమంతయు వదలలేదు. బ్యాటు పట్టుటకు ముందు మెడను అటునిటు త్రిప్పుచు నుండుట చూచి ప్రేక్షకులు నవ్వుకొనెడివారు. నొప్పి యని చెప్పినప్పుడెల్ల కొందఱు పత్రికలవారు నటన యని వ్రాసిరి. అయినను అతడు పైరేట్సు తరఫున 2,433 ఆటలాడెను. అంతకంటె నెక్కువ యాటలు ఆ జట్టున కాడినవాడు నేటివఱకును లేడు. నటన యనినవారికి ఈ సంఖ్యయే చాలిన యుత్తరము.

ఇంతకన్న బాధాకరమైనది వర్ణభేదము. క్లెమెంటె నల్లనివాడు; పైగా ఇంగ్లీషు అంతగా రానివాడు. ప్రతి వసంతమున జట్టువారు ఫ్లోరిడా రాష్ట్రమున అభ్యాసము చేయుదురు. అచట నాడు తెల్లవారికిని నల్లవారికిని వేఱువేఱు బసలు, వేఱువేఱు భోజనశాలలు. జట్టు ప్రయాణము చేయునప్పుడు త్రోవలో తెల్ల ఆటగాండ్రు హోటలులో గూర్చుండి భుజింప, నల్లవారు బస్సులోనే యుండి, వారు తెచ్చిపెట్టునది తినవలసియుండెను. తన దేశమున ఇట్టి చట్టము నెఱుగని క్లెమెంటె దీనికి లోబడలేదు. అట్టి యన్నము ముట్టుకొనవలదని తోడివారికి చెప్పి, తమకు వేఱు వాహన మిప్పింపుడని యధికారులను పట్టుబట్టి సాధించెను.

పత్రికలవారు అతని యింగ్లీషును ఉచ్చారణ తప్పులతో సహా అచ్చొత్తి పరిహసించిరి. రొబెర్టో యను పేరును మార్చి "బాబ్" అని వ్రాసిరి. ఆటగాండ్ర చిత్రపటములపై గూడ నట్లే ముద్రించిరి. తన పేరు రొబెర్టో యని అతడు పలుమాఱు చెప్పెను. అతడు ధరించిన 21 అను సంఖ్య యొక్క మూలమును తెలిసికొనదగును. స్పానిషు ఆచారము ననుసరించి తండ్రియింటి పేరు తరువాత తల్లియింటి పేరు చేర్చుదురు. రొబెర్టో క్లెమెంటె వాకర్ అను తన పూర్తిపేరును ఆ లిపిలో వ్రాసినచో అక్షరములు సరిగా ఇరువదియొకటి. తల్లిదండ్రు లిచ్చిన పేరును ఇతరులు మార్చుచుండగా అతడు దానిని వీపుమీద మోయుచు ఆడెను.

ఆటలోని నేర్పు

1956 జూలై 25న పిట్స్‌బర్గులో జరిగిన యొక యాట అతని స్వభావమును చక్కగ దెలుపును. కడపటి యిన్నింగ్సున పైరేట్సు 8-5గా వెనుకబడియుండిరి. మూడు బేసులమీదను వారి యాటగాండ్రు నిలిచియుండగా క్లెమెంటె బంతిని దూరముగ గొట్టెను. ముందున్న మువ్వురును వచ్చి చేరుటతో ఆట సమమయ్యెను. మూడవ బేసునొద్ద నిలిచిన జట్టు మేనేజరు ఆగుమని చేతులెత్తి సైగ చేసినను క్లెమెంటె ఆగక పరుగిడి హోమ్ ప్లేటును జేరెను. పైరేట్సు 9-8గా గెలిచిరి. బంతి గోడ దాటకయే, నాలుగు పరుగులు వచ్చి, ఒక్క పరుగు తేడాతో ఆట ముగిసిన సందర్భము పెద్దజట్ల చరిత్రలో తెలిసినంతవఱకు ఇది యొక్కటియే.

కుడిమైదానమున అతని నేర్పు ఇంతకన్న గొప్పది. పిట్స్‌బర్గు ఫోర్బ్స్ ఫీల్డు గోడకు బంతి తగిలి యే దిక్కునకు మరలునో అతడు అభ్యాసముచేత గ్రహించెను. పరుగెత్తుచు, జాఱుచు, గాలిలో ద్రిరుగుచు సైతము గుఱి తప్పక విసరెడివాడు. అతని విసరులచే ఔటైనవారి సంఖ్య జీవితకాలమున 266. ఐదు సంవత్సరములలో ఈ విషయమున తన లీగుకంతటికిని అతడే ప్రథముడు. ఔట్‌ఫీల్డర్లకిచ్చు గోల్డ్ గ్లవ్ అను బహుమానమును 1961 మొదలు 1972 వఱకు వరుసగ పండ్రెండు మాఱులు పొందెను.

1960లో పైరేట్సు న్యూయార్కు యాంకీలను ప్రపంచ సీరీసున 4-3 ఆటలతో ఓడించిరి. ఏడాటలయందును క్లెమెంటె కనీస మొక్క హిట్టైనను కొట్టెను. కడపటి యాటలో ఎనిమిదవ యిన్నింగ్సున అతడు కొట్టిన బంతి మెల్లగ దొర్లినను, ప్రాణము పెట్టి పరుగిడి మొదటి బేసు చేరెను. వెంటనే హాల్ స్మిత్ హోమ్ రన్ కొట్టెను. తొమ్మిదవ యిన్నింగ్సున బిల్ మాజెరోస్కీ కొట్టిన హోమ్ రన్‌తో సీరీసు ముగిసెను. అయినను ఆ సంవత్సరపు ఉత్తమ క్రీడాకారుని ఎన్నుకొనునపుడు క్లెమెంటెకు ఎనిమిదవ స్థానమే దక్కెను. ఇది యతని మనస్సును మిక్కిలి నొప్పించెను. ఆ నొప్పిని అతడు మాటలతోపాటు బ్యాటుతోను తెలియజేసెను.

ఇచట సగటు అను మాటను వివరింపవలయును. బ్యాటు పట్టిన అవకాశములు వేయియైనచో వానిలో ఎన్ని హిట్లు అనునదే సగటు. పదింట ఏడుమాఱులు తప్పి, మూడుమాఱులు నెగ్గినవాడు ఈ యాటలో శ్రేష్ఠుడు. క్లెమెంటె 1961లో వేయింటికి 351, 1964లో 339, 1965లో 329, 1967లో 357 చొప్పున సాధించి నాలుగుమాఱులు తన లీగున ప్రథముడయ్యెను. జీవితకాలపు సగటు 317. 1966లో ఉత్తమ క్రీడాకారుడను బిరుదు తుదకు లభించెను.

1968 ఏప్రిలు 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గుఱియయ్యెను. ఆయన యంత్యక్రియలు జరుగకమునుపే ఆటల ఋతువు నారంభింపబూనగా, పైరేట్సు జట్టులోని నల్లవారు ఆడబోమనిరి. క్లెమెంటె వారిలో ముఖ్యుడు. తెల్ల ఆటగాండ్రును వారితో నేకీభవించిరి. ఆట వాయిదా పడెను. 1971 సెప్టెంబరు 1న అదే జట్టు, తొమ్మండుగురును నల్లజాతివారో లాటిన్ అమెరికావారో యైన బృందముతో బరిలో దిగెను. పెద్దజట్ల చరిత్రలో అది మొట్టమొదటిది. కుడిమైదానమున నిలిచినవాడు క్లెమెంటెయే.

ఆ యేటి ప్రపంచ సీరీసున బాల్టిమోరు ఓరియోల్సు మొదటి రెండాటలను గెలిచిరి. ముప్పదియేడేండ్ల క్లెమెంటె మఱల ఏడాటలయందును హిట్లు కొట్టి, వేయింటికి 414 సగటు సాధించి, కడపటి యాటలో హోమ్ రన్ గొట్టి జట్టును గెలిపించెను. సీరీసు ఉత్తమ క్రీడాకారుడయ్యెను. జయానంతరము టెలివిజనువా రతనిని మాటలాడుమనిరి. అమెరికా యంతయు వినుచుండగా అతడు ముందుగా స్పానిషుభాషలో తన తల్లిదండ్రులను పలుకరించి వారి దీవెన నర్థించెను. భాషను పరిహసించినవారికి ఇంతకన్న మర్యాదగల ప్రత్యుత్తరము వేఱొండు లేదు.

1972 సెప్టెంబరు 30న న్యూయార్కు మెట్స్ పిచ్చరు జాన్ మాట్లాక్ విసరిన బంతిని గొట్టి క్లెమెంటె తన 3,000వ హిట్టును పూర్తిచేసెను. అంతకుమునుపు ఆ సంఖ్యను చేరినవారు పదిమందియే. సాధారణ ఋతువు ఆటలలో అదియే యతని కడపటి హిట్టు.

కడపటి ప్రయాణము

పేరు గడించిన పిదప క్లెమెంటె శీతకాలములను స్వదేశమున బీదబాలురకు ఆట నేర్పుటయందు గడపుచుండెను. వారికై క్రీడానగరము నొకదానిని నిర్మింపవలయునని యతని కోరిక. ఇతరులకు మేలు చేయ నవకాశముండియు చేయనివాడు భూమిమీద తన కాలమును వృథా పుచ్చుచున్నాడని యతడు సభలయందు చెప్పుచుండెను.

1972 చివర ప్యూర్టో రికో జట్టునకు మేనేజరై అతడు నికరాగ్వా రాజధానియగు మనాగ్వాకు బోయి కొన్ని వారములు గడపెను. అచట కాళ్లు కోల్పోయిన బాలు నొకని జూచి, కృత్రిమపాదములకై సాయము చేసెదనని మాట యిచ్చెను. అతడు తిరిగివచ్చిన కొలది దినములకే, డిసెంబరు 23న, భూకంపము సంభవించి ఆ నగరము నేలమట్టమయ్యెను. వేలకొలది జనులు మరణించిరి. క్లెమెంటె సహాయసంఘమునకు నాయకుడై, పండుగదినములలో ఇంటింటికి దిరిగి ధనమును, వస్త్రములను, ఆహారమును, మందులను కూర్చి విమానములలో బంపెను. అయితే పంపిన వస్తువులు బాధితులకు చేరక, సొమోసా ప్రభుత్వపు సైనికుల చేతులలో జిక్కుచున్నవని వార్త వచ్చెను. తాను స్వయముగ వచ్చినయెడల దొంగిలించుటకు సాహసింపరని తలచి, క్లెమెంటె తానే బయలుదేరెను.

డిసెంబరు 31 రాత్రి తొమ్మిది గంటలు దాటిన పిదప, సామానుతో నిండిన డీసీ-7 విమానము సాన్ హువాన్‌నుండి పైకి లేచి, కొలది నిమిషములలోనే సముద్రమున గూలెను. లోపలనున్న ఐదుగురును మరణించిరి. క్లెమెంటె దేహము దొరకలేదు. ఆతని మిత్రుడగు జట్టువాడు మానీ సాంగియెన్ సంస్మరణసభకు బోవుట మాని, సముద్రమున మునుగుచు వెదకెను. ఆ విమానము అంతకు కొన్ని వారములముందే దెబ్బతినినది. నాడు మోయదగిన దానికంటె నాలుగువేల పౌనులకు మించిన బరువుతో బయలుదేరినదని విచారణలో తేలెను. ఈ సంగతిని దాచక చెప్పవలయును. త్యాగము గొప్పదే, కాని త్యాగబుద్ధిగలవారి ప్రాణములను మోయు యంత్రమును సరిచూడవలసినవారు తమ పనిని సరిగా చేయకున్నచో, మంచిపనియే విషాదముగ ముగియును.

భార్య వేరా, మువ్వురు కుమారులు మిగిలిరి. ఆమె క్రీడానగర సంకల్పమును చేపట్టి, 2019లో మరణించువఱకు భర్త యాశయమునకై పాటుపడెను. ఆట మానిన ఐదేండ్లకు గాని ఎవ్వరిని కీర్తిమందిరమున జేర్చరాదను నియమమును క్లెమెంటె విషయమున సడలించి, 1973లోనే 424 ఓట్లలో 393 ఓట్లతో నెన్నుకొనిరి. లాటిన్ అమెరికావారిలో ఆ గౌరవము పొందిన మొదటివా డతడే. పైరేట్సువారు 21 సంఖ్యను మఱి యెవ్వరికిని ఈయమని నిశ్చయించిరి. పిట్స్‌బర్గున వారి నేటి మైదానపు కుడిగోడ ఎత్తు 21 అడుగులు. దాని చెంతనున్న వంతెనకు 1998లో క్లెమెంటె పేరు పెట్టిరి.

వీటన్నింటికన్న నాకు ముఖ్యముగ దోచునది మఱియొకటి. 1973 మొదలు ఏటేట పెద్దజట్లలోని యొక యాటగానికి క్లెమెంటె పేరిట బహుమాన మిచ్చుచున్నారు. దానికి పరుగులు లెక్కింపరు; మైదానము వెలుపల పొరుగువారికి చేసిన సేవను లెక్కింతురు. మన పాఠశాలలలో వేగముగ పరుగెత్తినవానికి, దూరముగ దూకినవానికి కప్పు లిచ్చుట యుచితమే. ఓడిన తోడివానిని లేవనెత్తినవానికి, బంతి కొనలేని బాలుని తన జట్టులో జేర్చుకొనినవానికి సైతము ఒక బహుమాన ముండదగదా? విద్యార్థులారా, ఆట నేర్చుకొనుడు, బాగుగ నేర్చుకొనుడు. మాట యిచ్చినచో నిలుపుకొనుడు. మీ పేరును, మీ భాషను ఎవరైన హేళన చేసినయెడల కుంగక, మీ పనిచేతనే వారికి బదులు చెప్పుడు. సాయము పంపునప్పుడు అది చేరవలసినవాని చేతికి చేరినదో లేదో కడవఱకు విచారింపుడు. క్లెమెంటె జీవితమున నేర్వదగిన పాఠము లివియే.